సూదినోటి పురుగు

నా నోట్లోంచి వచ్చే మాటల్లో ముప్పావు వంతు కల్లలని మా ఊళ్ళో అందరికీ తెలుసు. తక్కిన పావు వంతు కూడా నమ్మరు, అదే బాధ.

ఒక ఏడు మా తోటలో మల్బరీ ఆకు ఎంత బలంగా వచ్చిందో చెప్తాను. ఆ ఆకు తిన్న పట్టుపురుగు ఒకటి గూడు కట్టడం మొదలుపెట్టి, ఆపడం చేతగాక, నా మొహం చూసి ఏడ్చింది. దాని దారం కొస పట్టుకొని నేను పెనుకొండలో బస్సెక్కాను. ధర్మవరంలో దిగేదాకా తెగలేదు. అక్కడ మగ్గం మీద కూర్చున్న ఈశ్వరి ఆ కొస అందుకొని నేరుగా చీర అంచుకు వేసుకుంది. చీర అయిపోయినా పురుగు ఇంకా కక్కుతూనే ఉందని చెప్తే, "ఇంగ ఆపమను మామా, కట్టుకునేవాళ్లు చాల్లేదు" అంది.

ఈ కత యల్లక్కకు చాలాసార్లు చెప్పాను. ఈశ్వరి ఆమె కూతురే. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలుగా పోయింది. చెప్పిన ప్రతిసారీ యల్లక్క, "అబ్బ, ఊరుకో ఈరన్నా! నీ నాలికకు నరం లేదు" అని నవ్వి, క్యారియర్ మూత తీసేది.

పేరులో అక్క ఉన్నా ఆమె నాకంటే చాలా చిన్నది. మొగుడు పోయాక ఒక్కతే పురుగుల షెడ్డు నడుపుకుంటోంది. పెనుకొండకు ఇవతల మా ఊళ్ళో, నా తోట గట్టుకు ఆ పక్క ఆమె మెట్ట చేను. నీళ్లు నాకున్నాయి, ఆమెకు లేవు. అందుకని ఆకు నాది, పురుగులు ఆమెవి. రోజూ మధ్యాహ్నం కొడవలితో, క్యారియర్‌తో వచ్చేది. నేను గట్టు మీద కూర్చొని సంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి తింటుంటే ఆమె ఆకు కోసేది. మోపు కట్టాక కాసేపు కూర్చునేది. అప్పుడు నేనొక కత చెప్పేవాణ్ణి.

నాకు పెళ్లాం బిడ్డల్లేరు. ఎందుకు చేసుకోలేదని అడిగిన మనిషికల్లా ఒక కత చెప్పాను. అసలు కారణం ఏదో ఇప్పుడు నాకే గుర్తు లేదు. రోజు మొత్తంలో నేను మనిషితో మాట్లాడేది ఆ కాసేపే. తక్కిన పొద్దంతా బోరు మోటారుతో మాట్లాడతాను. అది నాకంటే ఎక్కువ వాగుతుంది, పైగా నా మాట వినదు.

కిందటేడు ఎండాకాలంలో యల్లక్క చేన్లో బోరు పడింది. నీళ్లు ఎగజిమ్మిన రోజు ఆమె ఆ బురదలోనే కూర్చొని ఏడ్చింది, నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక తట్టింది: ఇక ఆమెకు నా ఆకు అక్కర్లేదు.

ఆమెకు నా మనసులో ఉన్నది అర్థమైందో ఏమో, మరుసటి రోజు క్యారియర్ తీస్తూ అంది.

"నేనూ తోట పెట్టుకుంటాండా ఈరన్నా. పుట్టింటి మన్ను నీ తోటదే ఇయ్యల్ల."

పుట్టింటి మన్ను అంటే మా వైపు పద్ధతి. కొత్తగా మల్బరీ పెట్టేవాళ్లు, బాగా అచ్చొచ్చిన తోట నుంచి వేళ్లతో సహా నారు, దాంతో పాటు ఒక గంపెడు మన్ను తెచ్చుకుంటారు. గంపకు పసుపు రాసి, కొత్త గుడ్డ కప్పి, ఆడవాళ్లు నెత్తిన పెట్టుకొని పోతారు. ఒక్కో గుంతలో ఒక్కో పిడికెడు వేస్తారు. ఆడబిడ్డ అత్తగారింటికి పోయినట్టు లెక్క. మన్ను ఇచ్చిన ఇంటికీ తెచ్చుకున్న ఇంటికీ ఆ రోజు నుంచి చుట్టరికం. ఏటా మొదటి గూళ్లు దిగాక, మన్ను తెచ్చుకున్నవాళ్లు ఇచ్చిన ఇంటికి పోయి భోజనం పెట్టి రావాలి. చుట్టరికమే లేని నాకు ఆ మాట ఎట్లా తగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

"గంపెడేందిమే! ట్రాక్టర్ తోలుకో. తోట మొత్తం ఎత్తుకొని పో, నన్ను కూడా ఒక గుంతలో నాటు" అన్నాను.

"నిన్ను నాటితే మొలిచేది నోరొకటే" అంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఆ ఎండల్లోనే నా తోట పడమటి మూల పండుబారడం మొదలైంది. నీళ్లు ఎంత పెట్టినా పగటిపూట చెట్టు తల వాల్చేది. ఆకు చిన్నదైపోయింది. టీ అంగడి నల్లప్ప దిష్టి అన్నాడు. నాకు దిష్టి పెట్టే మనిషి ఈ ఊళ్ళో ఇంకా బతికి ఉన్నాడా అని సంతోషపడ్డాను గానీ, చెట్లు మాత్రం తేరుకోలేదు. చివరికి మూలనున్న చెట్టు ఒకటి, ఇవతల పచ్చగా ఉన్న చెట్టు ఒకటి, రెండింటి వేళ్లూ కొంచెం మన్నుతో కవర్లో కట్టుకొని హిందూపురం బస్సెక్కాను. పట్టుగూళ్లు అమ్మడానికి వెళ్లినప్పుడల్లా చూసిన ఊరే. అక్కడి పట్టు ఆఫీసులో వీణ అని కొత్తగా వచ్చిన మేడం ఉంది, వేళ్లు చూసి చెప్తుందని ఎవరో అన్నారు.

ఆమె వేళ్లు కడిగి బల్ల మీద పరిచింది. పండుబారిన చెట్టు వేరు నిండా ముడులు, జపమాల మాదిరి. పచ్చ చెట్టు వేరుకూ ఉన్నాయి, చిన్నవి.

"తాతా, మీ తోటకు వేరుముడి పురుగు పట్టింది" అంది.

"పురుగులతోనే బతుకుతాండా తల్లీ. ఇదేం కొత్త పురుగు?"

ఆమె బ్లేడుతో ఒక ముడిని కోసి, సూదిమొనతో లోపల్నుంచి ఏదో తీసింది. సగ్గుబియ్యం గింజను నూరు ముక్కలు చేస్తే అందులో ఒకటి ఎంతుంటుందో అంత. తెల్లగా, ముత్యం మాదిరి. దాన్ని భూతద్దం మిషను కింద పెట్టి నన్ను చూడమంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, ముందు నా కనురెప్ప వెంట్రుకలనే పురుగనుకొని భయపడ్డాను. తర్వాత కనబడింది. చిన్న కుండ. కుండకు సన్నటి మెడ. మెడ చివర తల.

"నోరు యాడమ్మా?"

"ఆ కొసన. పళ్లుండవు తాతా, సూది ఉంటుంది. ఇంజెక్షన్ సూది మాదిరి లోపల బోలు. దాని మొదట్లో మూడు గుబ్బలు, వాటికి కండలు. కండ బిగిస్తే సూది బయటికి, వదిలితే లోపలికి."

"దాని వెనక ఆ గుండ్రంగా ఉండేది?"

"పంపు. మీ బోరు మోటారు అనుకోండి. దాని వెనక మూడు గ్రంథులున్నాయి. అసలు కత వాటిదే."

కత అనే మాట వినగానే నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను.

ఆమె ఒక కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. పిల్ల పురుగు కంటికి కనబడనంత సన్నం. మన్నులో ఈదుకుంటూ వచ్చి వేరుకొన దగ్గర సూదితో పొడుస్తుంది. ఆ మూడు గ్రంథుల్లో కింది రెండు అప్పుడు పనిచేస్తాయి. వాటి ఎంగిలికి వేరు గోడలు మెత్తబడి దారిస్తాయి. లోపలికి పోయి, నచ్చిన చోట తల పెట్టి, ఇక కదలదు. అప్పుడు పైనున్న మూడో గ్రంథి పని మొదలు. దాని ఎంగిలి సూదిలోంచి వేరులోని కణాల్లోకి పోతుంది. ఆ ఎంగిలి తగిలిన కణం తన పని మరిచిపోతుంది. చెట్టుకు నీళ్లు మోయాల్సింది, ఉబ్బి పెద్దదై, పురుగుకు అన్నం వండి పెట్టే వంటింటిగా మారిపోతుంది. చుట్టూ వేరు వాచి ముడి పడుతుంది.

"అంటే ఇద్దరు బావమరుదులు తలుపు పగలగొడ్తారు, మూడోది వంటామెకు మందు పెడ్తాది" అన్నాను.

వీణ మేడం పగలబడి నవ్వింది. "క్లాసులో మాకెవరూ ఇట్లా చెప్పలేదు తాతా!"

"తిని తిని ఆ పురుగేం చేస్తాది?"

"లావైపోతుంది. కదిలే కండలు కరిగిపోతాయి. నడవడం ఇక రాదు. పుట్టినప్పుడు ఈదిన పురుగే, ఒకచోట నోరు పెట్టాక చచ్చేదాకా అక్కడే."

నేను మళ్లీ మిషనులో కన్ను పెట్టాను. ఆ తెల్లకుండ అక్కడే ఉంది, మెడ ఒక పక్కకు వాల్చుకొని. గట్టు మీద కూర్చొని క్యారియర్ కోసం చూసే ముసలాణ్ణి ఎవరైనా పైనుంచి చూస్తే ఇట్లాగే ఉంటాడేమో అనిపించింది. ఆ మాట మేడంకు చెప్పలేదు.

లేస్తుంటే ఆమె నవ్వు ఆపి గట్టిగా చెప్పింది. "పచ్చగా ఉన్న వైపు కూడా మన్ను నిండా ఉంది తాతా. ఈ తోట నారు గానీ, మన్ను గానీ, ఆ మన్ను అంటిన పార గానీ ఇంకో తోటకు పోకూడదు. పోతే దానికీ ఇదే గతి. చెట్లు పెరికి, ఎండకు దున్ని వదిలి, వేపపిండి వేసి, బంతి పెట్టండి. కొత్తగా పెట్టేవాళ్లుంటే మా నర్సరీకి పంపండి. శుభ్రమైన నారు ఇస్తాం."

తిరుగు బస్సులో సోమందేపల్లి దాటేదాకా నాకు నా తోట గుర్తే రాలేదు. గంపకు పసుపు రాసి పెట్టుకున్న యల్లక్కే కళ్ల ముందు ఉంది. నాటే రోజు దగ్గరపడింది. ఈశ్వరి కూడా ధర్మవరం నుంచి వస్తానంది. ఆ చేను తప్ప యల్లక్కకు ఇంకేమీ లేదు.

మరుసటి మధ్యాహ్నం క్యారియర్ తెరవకముందే మొదలుపెట్టాను.

"యల్లక్కా, నా మన్ను నీకొద్దు. దాంట్లో పురుగుండాది. దాని నోట్లో సూదుండాది. సూది వెనక పంపుండాది. ఎంగిలి ఊస్తే వేరే దానికి సంగటి గెలికి పెడ్తాది."

ఆమె నా మొహం చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గట్టు మీద పడి నవ్వింది.

"ఊరిబిండి కూడా నూరుతాదా?"

"నిజంమే! హిందూపురంలో మిషనులో చూసినా. నువ్వూ రా, చూపిస్తా."

"పురుగును చూడనీకి బస్సెక్కి పోవల్లనా? నా షెడ్డులో లక్ష ఉండాయి, రా, నీకే చూపిస్తా."

టీ అంగడిలో అప్పటికే పాకిపోయింది. "ఈరన్న ఈసారి పురుగుకే సూది ఇచ్చినాడంట, ఇంగ దారం ఎక్కించడమే తరువాయి" అని నల్లప్ప వచ్చినవాళ్లకల్లా టీతో పాటు పోశాడు. నాకే వినడానికి బాగుంది. వేరే ఎవరైనా చెప్పి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

మాటతో కాదని, ఆ సాయంత్రం పచ్చ వైపు చెట్టు ఒకటి పెరికి, వేళ్లు కడిగి, ఆమె షెడ్డుకు పట్టుకుపోయాను. ఇది కత కాదు గదా, కంటికి కనబడేదే.

"చూడు. ఈ బుడిపెలు చూడు."

యల్లక్క వేరును వెలుగులోకి పట్టుకుంది. చేత్తో తడిమింది. ఆమె మొహం విప్పారింది.

"అయ్యో ఈరన్నా! నేను కళ్లారా చూసుకోవల్లనని తెచ్చినావా? ఇన్ని బుడిపెలా! మా నాయన శెనక్కాయ చెట్టు పెరికి, వేరుకు బుడిపెలుంటే మురిసిపోతాండె. బుడిపెలుంటేనే బలమని. మల్బరీకి కూడా పడ్తాయని నాకు తెల్దే! ఇంగ నీ మన్ను తప్ప వేరే మన్ను నాకొద్దు."

మా అనంతపురం సీమలో పుట్టినవాడెవడైనా అదే అంటాడు. శెనక్కాయ వేరుకు బుడిపెలుంటే భూమికి బలం. అది అక్షరాలా నిజం. పాలతో పాటు తాగిన నిజాన్ని, నేను నిన్న మిషనులో చూసిన పురుగు ఎట్లా గెలుస్తుంది? "అవి వేరే, ఇవి వేరేమే" అంటే, "నీకన్నీ వేరేలే" అంటూ ఆ వేరును దేవుని పటం పక్కన దోపింది.

నాటే రోజు పొద్దున్నే వచ్చారు. యల్లక్క, ఈశ్వరి, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు. ఈశ్వరి ధర్మవరం నుంచి కొత్త పట్టుగుడ్డ తెచ్చింది, గంప మీద కప్పడానికి. తానే నేసిందట, చీరలో మిగిలిన పోగులతో. నేను తోట వాకిలి గడి దగ్గర నిలబడి ఉన్నాను. రాత్రంతా ఆలోచించి ఒకటే తేల్చుకున్నాను: నేను నిజం చెప్తే ఎవరూ నమ్మరు. నమ్మేట్టు చెప్పాలంటే నాకు వచ్చిన విద్య ఒకటే.

"మన్ను ఇయ్యను" అన్నాను.

"ఎగతాళి చాలు ఈరన్నా, పొద్దెక్కుతాండాది."

"ఎగతాళి కాదు. నా తోట మన్ను గడి దాటితే నా లక్ష్మి దాటిపోతాది. నీకు తోటొస్తే నా ఆకు ఎవరు కొంటారు? నా కడుపు కొట్టుకొని నీకు ఇయ్యల్లనా? పో, ఇంగొకర్ని అడుక్కో."

పుట్టింటి మన్ను అడిగితే లేదన్నవాడు మా వైపు లేడు. పగవాడు అడిగినా ఇస్తారు. ఆడవాళ్లలో ఎవరో "ఛీ" అన్నారు. ఈశ్వరి ఆ పట్టుగుడ్డను మడతబెట్టి చంకలో పెట్టుకుంది.

యల్లక్క గంప కింద పెట్టింది. నా కళ్లలోకే చూసింది, కత మలుపు కోసం చూసినట్టు. నేను కళ్లు దించలేదు. అప్పుడు నమ్మింది. ఇన్నేళ్లలో నేను చెప్పినవాటిలో ఆమె మొదటిసారే, ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మిన మాట అదొక్కటే.

"అందుకేనా పురుగు కత చెప్తివి" అంది. "సంగటి పెట్టిన చెయ్యిరా ఇది. ఎవరి మన్నూ నాకొద్దు. ఆఫీసోళ్ల నారు తెచ్చుకుంటా, ఉత్త గుంతలోనే పెట్టుకుంటా."

నన్ను ఆమె 'రా' అనడం అదే మొదలు. ఆఫీసు నారు అంది గదా, నా కోరిక తీరింది. లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాను.

తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. చెట్లు పెరికించాను. మోటారు ఊరుకుంది. ఎండకు మన్ను తిరగేసి బంతి పెట్టాను. నల్లప్ప అంగట్లో నేను కూర్చుంటే బెంచీ మీద పక్కన ఖాళీ ఉండేది. కత చెప్పబోతే, "నీ లక్ష్మి దాటిపోతాదేమో, చూసుకో" అనేవారు. నా మీద నాకే ఇంత మంచి ఎగతాళి తట్టలేదే అని కుళ్లుకున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి అలవాటుగా గట్టు మీదికి పోయి కూర్చునేవాణ్ణి. కూర్చున్నాక గుర్తొచ్చేది. లేవడానికి మాత్రం ఎందుకో బద్ధకంగా ఉండేది. కదిలే కండలు కరిగిపోతాయని మేడం చెప్పింది గదా.

గట్టు ఆ పక్క యల్లక్క తోట లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు. ఆకు నిగనిగలాడుతోంది. కానీ ఆకును చూసి ఏం తెలుస్తుంది? నా తోట కూడా అట్లాగే నిగనిగలాడింది. వేరు చూడందే నాకు నిద్ర పట్టలేదు. ఆడవాళ్లు వచ్చిన రోజు ఒకరి కాలికి నా మన్ను అంటి ఉంటే? గట్టు మీది నుంచి వాన నీళ్లు దిగి ఉంటే?

వానలు పోయాక ఒక పొద్దున, ఇంకా మంచు వదలకముందు, గట్టు దాటాను. చెప్పులు ఇవతలే విప్పాను. ఇంటి నుంచి తెచ్చుకున్న బిందె నీళ్లతో అక్కడే మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కున్నాను, చేతులు కడుక్కున్నాను, గోళ్ల సందులు కూడా. గట్టు వారనున్న చెట్టు మొదట్లో వేళ్లతో తవ్వి, ఒక చిన్న వేరు బయటికి లాగాను. ఎగువ నుంచి దిగువ దాకా వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయాను. ఒక్క ముడి లేదు. ధర్మవరం మగ్గం మీదికి ఎక్కే పోగు మాదిరి నున్నగా ఉంది. ఇంకొకటి లాగాను. అదీ అంతే. మూడోది లాగి చూస్తూ నాలో నేనే నవ్వుకుంటున్నాను.

"ఎవరది?"

తలెత్తితే యల్లక్క. చేతిలో కొడవలి. నా ఒడిలో ఆమె తోట మన్ను.

ఆమె నన్ను చూసింది. గట్టు అవతల నా బంతిపూలను చూసింది. లెక్క కట్టుకున్నట్టు తలాడించింది.

"మన్ను కోసం వచ్చినావా?"

నేను నోరు తెరిచాను. సూది, పంపు, మూడు గ్రంథులు, అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆమె మొహంలో ఆ పాత నవ్వు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. మూసుకున్నాను.

"కాళ్లు కడుక్కొని మరీ వచ్చినావే! దొంగతనానికి ఇంత మడి ఏంటికబ్బా?" అంది. "తోట పోయిందని ఊరంతా చెప్పుకుంటాండారు. మల్లా పెట్టుకోవల్లనంటే అడగకూడదా? అడిగితే లేదంటామా? నీ మాదిరి అనుకున్నావా?"

షెడ్డులోకి పోయింది. గంపతో వచ్చింది. పసుపు రాసింది కాదు, ఆకు మోసే మామూలు గంప. నా ముందే మోకాళ్ల మీద కూర్చొని, చెట్ల మొదట్లోని నల్లటి మన్ను రెండు చేతులా ఎత్తి నింపింది. పైన నాలుగు మల్బరీ కొమ్మ కడ్డీలు కోసి గుచ్చింది. లేచి, గంప ఎత్తి, నా నెత్తిన పెట్టింది. పెట్టేటప్పుడు అలవాటుగా "మెల్లిగా" అంది.

నేను గట్టు ఎక్కుతుంటే వెనక నుంచి అంది. "ఇచ్చింది నేను. తెచ్చుకున్నది నువ్వు. ఇంగ చుట్టరికం అంటావేమో, నాకొద్దు. గూళ్లు దిగినాక నా ఇంటికి రాపన్లేదు."

"గంప?" అన్నాను.

"ఉంచుకో."

ఆ మన్నును నా తోటలో వేస్తే ఒక్క వానకు అందులోకీ పురుగు ఈదుకొని పోతుంది. అందుకని వసారాలో ఎత్తైన బండ మీద పాత పెయింటు బకెట్టు పెట్టి, మన్నంతా అందులో పోసి, నాలుగు కడ్డీలూ నాటాను. మూడు పోయాయి. ఒకటి చిగురు పెట్టింది. తోటలోంచి వచ్చినప్పుడు కాళ్లు, చేతులు కడుక్కోకుండా దాని దగ్గరికి పోను. బకెట్టు నీళ్లు కూడా వేరే.

మధ్యాహ్నం గట్టు మీదికి పోవడం మానుకున్నాను. బండ పక్కనే కూర్చొని తింటాను. తిన్నాక దానికొక కత చెప్తాను. నిన్న ధర్మవరం దాకా సాగిన దారం కత చెప్పాను. ఆకు కదిలింది. గాలికే అయ్యుంటుంది.